పదునారవ తీగ



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింప దలచినది యంత్రముల జ్ఞాపకశక్తి చరిత్రను గూర్చి. యంత్రమునకు జ్ఞాపకమేమిటని మీలో కొందరు నవ్వవచ్చును. మొన్నటి వేసవి వరకు నేనును అట్లే నవ్వినవాడను. అయితే మా యూరి చెరువు నీటి తగవొకటి ఆ జ్ఞాపకముతో ముడిపడి నాకు రెండు వారములు నిద్ర లేకుండ జేసినది. కావున ఆ కథతోనే మొదలు పెట్టెదను.

మా యూరి చెరువునకు మూడు తూములు. ఏ తూము క్రింద ఏ పొలమునకు ఎన్ని జాముల నీరు, కరవు వచ్చిన యేట ఏ తూము ముందుగా మూయవలెను అను సంగతులు కాగితము మీద ఎక్కడను లేవు. అవి మా నీరుగంటి నోటనే యుండెడివి. ఆయన తొంబదియేండ్ల ముదుసలి. ఆయన కాలము చేయుటకు ముందు సంవత్సరము నేను ఆయన యింటి యరుగు మీద కూర్చుండి, ఆరు గంటల సేపు ఆయన చెప్పిన మాటలను చేతి ఫోనులో రికార్డు చేసితిని. పిదప వానిని నా పాత లాప్‌టాపులోనికి ఎక్కించితిని. ఫోను ఏనాడో చెడిపోయినది.

ఈ యేడు వానలు ఆలసించినవి. ఎగువ పాలెమువారును దిగువ పాలెమువారును వంతులకై తూము కడ తగవులాడుకొనిరి. పంచాయతీలో పెద్దలు, “మాస్టారూ, నీరుగంటి మాట మీ పెట్టెలో ఉందటగా! వినిపించండి, దానికే కట్టుబడతాం” అనిరి. నేను ఇంటికి వచ్చి లాప్‌టాపు తెరచితిని. ఆరు గంటల ధ్వనిని ఒక్కమారుగా తెరచి, కావలసిన చోటు వెదకబోవునప్పటికి యంత్రము కదలక నిలిచిపోయెను. మరల తెరచితిని, మరల నిలిచెను. వేరొకరి యంత్రములో ఎక్కించి వినవచ్చును గదా యని మీరనవచ్చును. ఆ ముదుసలి నీటి సంగతులతో పాటు ఇండ్ల గుట్టులును, పొలముల లోగుట్టులును గూడ చెప్పియున్నాడు. వానిని వేరొకరి చేతికి ఈయనని ఆయనకు మాట యిచ్చితిని. ఆ మాట తప్పుటకు నా మనస్సొప్పలేదు.

మండల కేంద్రములో యంత్రములు బాగుచేయు యువకుడొకడు కలడు. అతడు లాప్‌టాపు అడుగు పలకను విప్పి చూచి, “దీంట్లో ర్యామ్ రెండు జీబీయే ఉంది మాస్టారూ. రెండో గాడి ఖాళీగా ఉంది. ఇంకో నాలుగు జీబీ వేస్తే పరుగెడుతుంది” అనెను. క్రొత్త ర్యాము పట్టీని తెప్పించితిమి. వేసితిమి. మీట నొక్కితిమి. లోపల పంకా తిరిగెను, యంత్రము ముమ్మారు కూసెను, తెర మాత్రము నల్లగానే యుండెను. పట్టీని తీసివేసినచో మరల పూర్వము వలెనే వెలిగెను. యువకుడు తల యడ్డముగా నూపి, “ఇది పాత బండండి. కొత్తదాన్ని గుర్తుపట్టదు. దీన్ని పారేసి ఇంకోటి కొనుక్కోండి” అనెను. పింఛను మీద బ్రతుకువాడను. అంతకంటెను, పారవేయుమన్న మాట నాకు రుచింపలేదు. ఎందుకు గుర్తుపట్టదో తెలిసికొనవలెనని పట్టుబట్టి పుస్తకములు తెప్పించి చదివితిని. ఈ ప్రసంగము ఆ చదువు ఫలము.

ముందుగా ఒక భయమును తీర్చవలెను. ర్యాము సరిపడకున్నచో నీరుగంటి మాటలు పోవునేమోయని మా పెద్దలు మిక్కిలి కలవరపడిరి. అట్లు పోవు. కంప్యూటరునకు జ్ఞాపకములు రెండు. ఒకటి ఇంటిలోని భోషాణము వంటిది. దానిని డిస్కు అందురు. విద్యుత్తు పోయినను అందులో దాచినది అందులోనే యుండును. రెండవది బడిపిల్లవాని పలక వంటిది. లెక్క చేయునంతసేపు అంకెలు పలక మీద నుండును. బడి విడువగానే తుడిచివేయబడును. ఈ పలకయే ర్యాము. పలక చిన్నదైనచో పెద్ద లెక్కను ఒక్కసారిగా వేయుటకు వీలు గాదు. కొంత వ్రాసి, దానిని భోషాణములో పెట్టి, పలక తుడిచి, మరికొంత వ్రాసి, మరల భోషాణము తెరచి, ఇట్లు తిరుగుటతోనే ప్రొద్దు గడచును. నా లాప్‌టాపు నిలిచిపోయినదన్న మాటకు అర్థమిదియే. అది చచ్చిపోలేదు, పలకకును భోషాణమునకును నడుమ తిరుగుచున్నది.

ఈ పలక పుట్టిన విధమును చూతము. 1948వ సంవత్సరము జూను 21వ తేదీన ఇంగ్లండు దేశమందలి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ విలియమ్స్, టామ్ కిల్బర్న్ మొదలగువారు ఒక చిన్న యంత్రమును నడిపించిరి. తాను చేయవలసిన పనికి సంబంధించిన యాజ్ఞలను తన జ్ఞాపకమునందే నిలుపుకొని నడచిన మొదటి ఎలక్ట్రానిక్ యంత్రమదియే. దాని పలక టెలివిజను బుడ్డి వంటి గాజు గొట్టము. ఆ గొట్టపు ముఖము మీద విద్యుత్తు చుక్కల రూపమున 1,024 గుర్తులు నిలిచెడివి. ఒక్కొక్క గుర్తు ‘అవును’ గాని, ‘కాదు’ గాని తెలుపును; దానిని బిట్టు అందురు. ఎనిమిది బిట్లు కలసినచో ఒక బైటు. ఆ చుక్కలు తమంతట తాము నిలువవు, అరక్షణములో చెదరిపోవును. కావున యంత్రము వానిని చదువుచు, చదివినదానిని మరల వ్రాయుచు నుండవలెను. ఈ సంగతిని దయచేసి గుర్తుంచుకొనుడు, ముందు మరల వచ్చును.

మరుసటి సంవత్సరము, 1949లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ అను పండితుడు ఇంకొక దారి తొక్కెను. పొడవైన ఉక్కు గొట్టములలో పాదరసము నింపి, ఒక కొన నుండి ధ్వని తరంగములను పంపెను. అవి నెమ్మదిగా రెండవ కొనకు చేరును. చేరగానే వానిని పట్టి మరల మొదటి కొనకు అందించును. పర్వతము కడ కేక వేసి, ప్రతిధ్వని రాగానే మరల అదే కేక వేయుచు, మాట మరచిపోకుండ నిలుపుకొనువానిని తలచుకొనుడు. ఆ యంత్రము జ్ఞాపకము అట్టిది.

ఈ రెండు పద్ధతులును నిలువలేదు. 1953లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జే ఫారెస్టరు బృందమువారు ‘వర్ల్‌విండ్’ అను యంత్రమునకు అయస్కాంత ముద్దికల జ్ఞాపకమును అమర్చిరి. ఆవగింజ వలె చిన్నవైన ఉంగరములను సన్నని తీగలకు అడ్డముగను నిలువుగను గ్రుచ్చి వలగా అల్లుదురు. ఒక్కొక్క ఉంగరము ఒక బిట్టు. ఒక నిలువు తీగ, ఒక అడ్డ తీగ కలియు చోట నున్న ఉంగరమే పలుకును. మన నేతగాండ్ర పడుగు పేకల వలెనే యిదియు. ఈ వలలను చాలవరకు స్త్రీలు కంటికి భూతద్దము పెట్టుకొని చేతితో అల్లినవారు. వేగముగా లెక్క కట్టు యంత్రపు మెదడు ఆడువారి చేతి పనియని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యము ఇంత యంత కాదు.

మన దేశమునకును ఈ వల వచ్చినది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ గారి బృందము నిర్మించిన యంత్రము 1960లో పనికి వచ్చెను. 1962లో జవహర్‌లాల్ నెహ్రూగారు దానికి ‘టిఫ్రాక్’ అని పేరు పెట్టిరి. దాని ముద్దికల పలకలో 2,048 మాటలు, మాట యొక్కింటికి 40 బిట్లు, వెరసి 81,920 బిట్లు. ఒక గది నిండిన యంత్రమునకు అంతే పలక. మన హైదరాబాదునందు 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపింపబడెను. పశ్చిమ గోదావరి మండలమందలి మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి మూలపురుషులు. వారి పేరిటనే నేడు ఏ.ఎస్. రావు నగరము కలదు. ఆ సంస్థనుండి 1969లో ‘టీడీసీ–12’ అను కంప్యూటరు వెలువడెను. తెలుగు నేలమీద అట్టి యంత్రములు చేయు విద్య ఆనాడే వేరూనినది.

ఇక అసలు మలుపు. న్యూయార్కు రాష్ట్రములో ఐబీఎమ్ సంస్థ పరిశోధనాలయమున రాబర్ట్ డెన్నార్డ్ అను ఇంజనీరు ఉండెను. 1966లో ఒకనాడు తోటివారు అయస్కాంత జ్ఞాపకమును గూర్చి చేసిన ప్రసంగమును వినెను. వారి పద్ధతి ఎంత సాదాగా నున్నది, తాము ఒక బిట్టునకు ఆరు ట్రాన్సిస్టరులు వాడుచున్నామే యని ఆయనకు మనస్సున గ్రుచ్చుకొనెను. ఆ సాయంకాలమే మూలమైన యూహ తోచెను. కొన్ని మాసములు దానిని సానబట్టి, బిట్టునకు ఒక్క ట్రాన్సిస్టరు, ఒక్క చిన్న విద్యుత్తు గిన్నె చాలునని నిరూపించెను. 1968 జూను 4వ తేదీన దానికి పేటెంటు లభించెను. ఆయన 2024లో కీర్తిశేషుడయ్యెను. నేడు మీ మనుమల చేతిలోని ఫోను మొదలు బ్యాంకుల యంత్రముల వరకు పలక యంతయు ఆయన యూహ మీదనే నడచుచున్నది.

ఆ గిన్నెలో ఒక లోపము కలదు. అది కారుచుండును. గిన్నె నిండియున్న ‘అవును’, ఖాళీగా నున్న ‘కాదు’. కాని నిండిన గిన్నె క్షణములో వట్టిపోవును. కావున యంత్రము ప్రతి గిన్నెను సెకండునకు సుమారు 15 మార్లు తడవి చూచి, సగము నిండినదానిని మరల నింపుచు పోవలెను. మాంచెస్టరులోని చుక్కల సంగతి జ్ఞాపకమున్నదా? ఆ విద్యయే తిరిగి వచ్చినది. చిల్లుకుండలతో నీరు మోయుట అవివేకమని మనమందుము. కోట్ల కొలది కుండలు ఆవగింజలో వేయవ వంతుకంటె చిన్నవైనప్పుడు చిల్లుకుండయే చవుక. 1970 అక్టోబరులో ఇంటెల్ సంస్థవారు ‘1103’ అను చిప్పును అమ్మకమునకు తెచ్చిరి. అందు 1,024 బిట్లు. మాంచెస్టరు గొట్టమంతటి జ్ఞాపకము ఒక గోటిమీద పట్టినది. కొద్ది యేండ్లలో ముద్దికల వలలు మూలపడినవి.

ఇప్పుడు చిరునామాల సంగతికి వత్తము. నా లాప్‌టాపు రోగము ఇక్కడనే యున్నది.

పలకలో గిన్నెలు కోట్ల కొలది యున్నప్పుడు ఏ గిన్నె కావలెనో యంత్రమెట్లు చెప్పును? తీగల ద్వారమున చెప్పును. ఒక్కొక్క తీగ ‘అవును’ గాని ‘కాదు’ గాని పలుకును. ఒక తీగతో ఇద్దరిని వేరుపరుపవచ్చును, రెండు తీగలతో నలుగురిని, మూడింటితో ఎనమండుగురిని. చదరంగపు గళ్ళలో వడ్లగింజలను రెట్టించిన కథ మీరెరిగినదే. పది తీగలతో 1,024 మందిని, ఇరువది తీగలతో 10,48,576 మందిని పిలువవచ్చును. ఒక్క తీగ తగ్గినచో సగము ఊరు పిలుపునకు అందదు.

మీకు తెలిసిన విధమున చెప్పెదను. కరణముగారి అడంగలులో సర్వే నంబరు వ్రాయుటకు మూడు గళ్ళే యున్నవనుకొనుడు. 999వ నంబరు వరకు సుఖముగా సాగును. వేయవ నంబరు చేను వచ్చినచో? చేను కండ్ల యెదుట నున్నది. నాగలి కట్టుచున్నారు, పంట పండుచున్నది. దస్తరములో మాత్రము అది లేదు. కరణముగారు అబద్ధమాడుట లేదు, ఆయన గళ్ళు చాలలేదు.

1981 ఆగస్టు 12వ తేదీన ఐబీఎమ్ సంస్థవారు వెలువరించిన సొంత కంప్యూటరునకు ఇరువది చిరునామా తీగలు. అనగా పది లక్షల పైచిలుకు బైట్లు. అందు 640 కిలోబైట్లు వాడువానికి విడిచి, మిగిలిన 384ను తెర మొదలగు వాని కొరకు నిలిపిరి. కనీసపు రకము 16 కిలోబైట్లతోనే అమ్ముడైన కాలమది. కావున 640 అనునది ఆనాడు రాజభోగము. పదేండ్లు తిరుగకమునుపే అది ఇరుకు గదియైనది. 1982లో వచ్చిన 286వ నంబరు చిప్పునకు 24 తీగలు, 1985లో వచ్చిన 386వ నంబరు చిప్పునకు 32 తీగలు. ముప్పదిరెండు తీగలతో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 బైట్లు, అనగా 4 జీబీ. ఇది ఇంక ఎన్నటికిని చాలునని తలచిన కాలమును నేనెరుగుదును. మా బడికి వచ్చిన మొదటి కంప్యూటరు వెనుక నిలుచుండి నేనే అట్లంటిని.

చిప్పులో గిన్నెలను పిలుచుటకు ఇంకొక యుక్తి కలదు. 1973లో మోస్టెక్ అను అమెరికా సంస్థలో రాబర్ట్ ప్రోబ్‌స్టింగ్ అను ఇంజనీరు 4,096 బిట్ల చిప్పును చేసెను. ఆ బిట్లను పిలుచుటకు పండ్రెండు తీగలు కావలెను. ఇతరుల చిప్పులకు ఇరువదిరెండు కాళ్ళుండగా ఆయన పదునారు కాళ్ళతో సరిపెట్టెను. ఎట్లన, ఆరు తీగలనే రెండు మార్లు వాడెను. మొదట వీధి సంఖ్యను చెప్పును; పిదప అవే తీగల మీద ఇంటి సంఖ్యను చెప్పును. తపాలా జవాను మొదట వీధి మొగలో ఆగి, తరువాత గుమ్మము వెదకునట్లు. ఈ పొదుపు నేటికిని నడచుచున్నది. ప్రతి ర్యాము చిప్పునందును వీధులు, ఇండ్లు కలవు.

ఇక పట్టీల సంగతి. చిప్పులను ఒక చిన్న అట్ట మీద వరుసగా అతికి, అంచున బంగారు పూత గల పండ్లు అమర్చి, గాడిలో దూర్చునట్లు చేసినదే పట్టీ. ఏ తరమునకు ఎన్ని పండ్లు, ఎంత విద్యుత్తు అను నియమములను 1958లో ఏర్పడిన జెడెక్ అను సంఘము నిర్ణయించును. డీడీఆర్–3 అను తరమునకు నియమములు 2007లో వెలువడినవి. లాప్‌టాపులలో దాని పండ్లు 204. అంతకు ముందు తరమునకు 200. తరువాతి డీడీఆర్–4 తరమునకు 260. అంచున ఒక గంటు ఉండును. తరము మారినచో గంటు చోటు మారును. అందుచేత ఒక తరపు పట్టీ వేరొక తరపు గాడిలో దిగదు. మనము అన్నము కుడిచేత తినవలెనని బిడ్డకు నేర్పునట్లు, వస్తువే తప్పు చేయనీయకుండ ఆపును. అది మంచి యేర్పాటు. కాని ఆ గంటు తరము మాత్రమే చెప్పును. చిప్పు లోపలి వీధుల లెక్క చెప్పదు. అందుకే నా పట్టీ గాడిలో హాయిగా దిగినది, యంత్రము మాత్రము మూగవోయినది.

ఇక యువకుడును నేనును వెదకిన క్రమమును చెప్పెదను. అతడు మొదట విసుగుకొనినను, పిదప నాకంటె పట్టుదలతో నిలిచెను. బ్యాటరీ తీసి, కరెంటు తీగ ఊడదీసి, ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు ఇనుప బీరువాను తాకి, అటు పిమ్మట పట్టీని ముట్టితిమి. పండ్ల మీద మురికి యుండునేమోయని మెత్తని రబ్బరుతో తుడిచితిమి. పట్టీని ఏటవాలుగా దూర్చి, ఇరుప్రక్కల కొక్కెములు టక్కుమనువరకు వంచితిమి. సగము దిగిన పట్టీలతోనే చాలమంది మోసపోవుదురట. ఫలము లేదు. పాత పట్టీని రెండవ గాడిలో వేసి చూచితిమి, యంత్రము వెలిగెను. కావున గాడి మంచిదే. క్రొత్త పట్టీని వేరొకరి క్రొత్త లాప్‌టాపులో వేసితిమి, అక్కడను వెలిగెను. కావున పట్టీయు మంచిదే. ఇద్దరును మంచివారే, కాపురము మాత్రము పొసగదు. ఇట్టి సంబంధములు మనమెన్ని చూడలేదు!

విద్యుత్తు తేడా యేమో యనుకొంటిమి. పాత డీడీఆర్–3 పట్టీలు ఒకటిన్నర వోల్టుల మీద నడచును. తరువాత వచ్చిన పొదుపు రకము 1.35 వోల్టుల మీద. క్రొత్తది పొదుపు రకమే. అయితే పొదుపు రకము ఒకటిన్నర వోల్టులకును ఓర్చుకొనును. ఒకటిన్నర వోల్టులది తక్కువతో నడచుననుటయే నమ్మరాదు. కావున అదియు కారణము కాదు. యంత్రము మేల్కొనునప్పుడు నడచు తొలి యాజ్ఞలను, అనగా బయాసును, తయారుదారు చివరగా విడుదల చేసిన దానికి మార్చి చూచితిమి. కొన్ని యంత్రములలో దీనితో చిక్కు విడునట, మాది విడలేదు.

తుదకు ఒక రాత్రి నేను రెండు పట్టీలను బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి కండ్లద్దములు సవరించుకొని వాని చీటీలను చదివితిని. క్రొత్తదాని చీటీ మీద ‘4 జీబీ’ అను దాని ప్రక్క ‘1ఆర్‌ఎక్స్8’ అని యుండెను. అట్ట మీద చిప్పులు లెక్కింపగా ఎనిమిది. 4 జీబీని ఎనిమిదింట పంచినచో ఒక్కొక్క చిప్పునకు అర జీబీ, అనగా 4 గిగాబిట్లు. పాత పట్టీ 2 జీబీ. దాని మీదను చిప్పులు ఎనిమిదే. ఒక్కొక్కటి 2 గిగాబిట్లది. అప్పుడు నాకు దీపము వెలిగినట్లయ్యెను.

2 గిగాబిట్ల చిప్పులో ఎనిమిది పేటలు, పేటకు 32,768 వీధులు, వీధికి 1,024 ఇండ్లు. 32,768 వీధులను పిలుచుటకు పదునైదు తీగలు చాలును. 4 గిగాబిట్ల చిప్పులో పేటలు అవే ఎనిమిది, ఇండ్లు అవే 1,024, వీధులు మాత్రము 65,536. వానిని పిలుచుటకు పదునారు తీగలు కావలెను. నా లాప్‌టాపు 2008వ సంవత్సరపు జాతిది. ఆనాడు విపణిలో 4 గిగాబిట్ల చిప్పులు లేవు. అందులోని మెమరీ కంట్రోలరును చేసినవారు పదునైదు వీధి తీగల వరకే నేర్పిరి. గాడిలో పదునారవ తీగకు చోటున్నది, క్రొత్త పట్టీ ఆ తీగ మీద పిలుపు కొరకు చెవియొగ్గి యున్నది, పిలుచువాడే లేడు. పట్టీ మీద ఒక మూలను గింజంత చిప్పు వేరొకటి యుండును. యంత్రము లేచిన వెంటనే దానిని ప్రశ్నించును: నీవెవరవు, నీ వీధులెన్ని, నీ వేగమెంత? క్రొత్త పట్టీ నిజాయితీగా ‘నా వీధి తీగలు పదునారు’ అని బదులు చెప్పినది. పాత యంత్రమునకు ఆ లెక్క రాదు. ముమ్మారు కూసి ఊరకుండినది.

దీనిని తయారుదారు మోసమని కొందరందురు. నేనట్లనను. లేని చిప్పుతో పరీక్షించుట ఎవరికిని సాధ్యము కాదు. కాని అమ్మువారు చీటీ మీద ‘4 జీబీ’ని పెద్ద యక్షరములతో వేసి, అసలు సంగతిని చీమతలకాయలంత అక్షరములతో వేయుటను మాత్రము నేను మెచ్చను. ఎరువు బస్తా మీద తూకమును పెద్దదిగా వేసి, అందులోని భాస్వరము పాలును అడుగున దాచినట్లున్నది.

మరునాడు యువకునితో, “నాయనా, 4 జీబీయే కావలెను, కాని ఎనిమిది చిప్పులది కాదు, పదునారు చిప్పులది. చీటీ మీద ‘2ఆర్‌ఎక్స్8’ అని యుండవలెను” అంటిని. అతడు కాగితము మీద వేసిన లెక్కను చూచి చాలసేపు మాటాడలేదు. పదునారు చిప్పులైనచో ఒక్కొక్కటి 2 గిగాబిట్లే. పదునైదు తీగలతోనే పలుకును. అట్టి పట్టీలు క్రొత్తవి దొరకుట అరిది. అతడు తన అంగడి వెనుకనున్న చెక్కపెట్టెను వంచి, విరిగిన లాప్‌టాపుల నుండి ఊడదీసిన పట్టీలను వెదకి, అడుగున నొకటి పట్టెను. ఇరుప్రక్కల ఎనిమిదేసి చిప్పులు. పండ్లు తుడిచి గాడిలో వంచెను. మీట నొక్కెను. తెర వెలిగెను. మొత్తము 6 జీబీ అని చూపెను. “మాస్టారూ, ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని పారేయించానో!” అని అతడు తలపట్టుకొనెను. క్రొత్త పట్టీని వెనుకకు తీసికొని, అది పొసగు లాప్‌టాపు గల యొక కాలేజీ పిల్లకు వేసినాడు.

ఆ రాత్రి తలుపులు మూసికొని ఆరు గంటల ధ్వనిని ఒక్కమారుగా తెరచితిని. ఈసారి నిలువలేదు. ఇండ్ల గుట్టులు గల చోట్లను దాటుచు పోయి, మూడవ గంట నడుమ తూముల మాట పట్టితిని. వెనుక కోడి కూతయు, ఎవరో చేద తోడుచున్న చప్పుడును గలవు. కరవు వచ్చిన యేట నడిమి తూము ముందుగా మూయవలెననియు, ఎగువ పాలెమునకు పగటి రెండు జాములు, దిగువ పాలెమునకు రాత్రి మూడు జాములు అనియు, రాత్రి నీరు కాచుట కష్టము గనుక వారికొక జాము ఎక్కువ యనియు ఆ ముదుసలి నెమ్మదిగా చెప్పెను. ఆ ముక్క మాత్రమే కోసి వేరుగా నుంచితిని. మరునాడు ఉదయము రావిచెట్టు క్రింద పెద్దలందరి యెదుట దానిని రెండు మార్లు వినిపించితిని. రెండవమారు వినునప్పుడు దిగువ పాలెపు పెద్ద కాగితము తెప్పించి వ్రాయించి, ఇరువురి చేతను వ్రేలిముద్రలును సంతకములును వేయించెను. ఆ కాగితమిప్పుడు పంచాయతీ బీరువాలో నున్నది.